అంబాసిడర్‌కు హై వాల్యూమ్ ఆయిల్ పంప్ వేయించాలా, మామూలు పంపే ఉంచాలా?

నల్లగొండ_అంబీ:
అన్నలూ, నాది పాత పెట్రోల్ అంబాసిడర్, 1489 సీసీ ఇంజన్. డ్యాష్‌బోర్డు కింద మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముల్లు 60 దాటుతుంది. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ చేరి ఎల్బీనగర్ దగ్గర సిగ్నల్ పడిందా, 8 పీఎస్ఐకి (ప్రెషర్ కొలిచే లెక్క) పడిపోతుంది. బండి కదిలితే మళ్లీ 40. ఎండాకాలం ఆ గేజ్ వైపు చూడాలంటేనే టెన్షన్. ఒక లేత్ మేస్త్రీ పంప్‌లో పొడుగు రోటర్ వేసి, దానికి తగ్గట్టు బాడీ పెంచి హై వాల్యూమ్, అంటే ఎక్కువ ఆయిల్ తోసేలా, చేసిస్తానంటున్నాడు. వేయించనా?

పాలమూరు_జీప్:
ఆలోచించకుండా వేయించు తమ్మీ. నా పెట్రోల్ జీప్‌కు పెద్ద పంప్ వేయించాను. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగినా స్లోలో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) 20 కంటే కిందికి రాదు. అంతకుముందు జడ్చర్ల పోయి వచ్చేసరికే ఆయిల్ లైట్ మిణుకుమనేది.

మిర్యాలగూడ_ఫిట్టర్:
వద్దు. ముందు పంప్ ఏం చేస్తుందో చూడండి. అది ఒక చుట్టుకు ఇంత అని ఆయిల్ తోస్తుంది, అంతే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి దూరి పోవడానికి ఎంత ఇబ్బంది పడితే అంత ప్రెషర్ గేజ్‌లో కనిపిస్తుంది. సందు పెద్దదైతే ఆయిల్ సులువుగా జారిపోతుంది, ముల్లు పడిపోతుంది. మామూలుగా రెండు అంగుళాల జర్నల్‌కు (క్రాంక్‌షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటు) సందు రెండు థౌ దరిదాపుల్లో ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అది నాలుగైదుకు పోయిన ఇంజన్‌కు పాతిక శాతం ఎక్కువ తోసే పంప్ పెడితే గేజ్ బాగుపడుతుంది, బేరింగ్ బాగుపడదు. పగిలిన పైపుకు పెద్ద మోటారు పెట్టి నీళ్లు బాగా వస్తున్నాయి అనుకోవడం లాంటిది ఇది.

ఇంకోటి. చల్లటి ఇంజన్ 60 చూపిస్తోందంటే మీ పంప్ మరీ పాడైపోలేదు. స్పీడుతో ప్రెషర్ హద్దు దాటాక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, ఎక్కువైన ఆయిల్ వెనక్కి సంప్‌లోకే (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) పోతుంది. అంటే ఆ హద్దు దాటాక మీ పెద్ద పంప్ అదనంగా తోడిందంతా తిరిగి కిందికే. దాన్ని తిప్పడానికి పోయే శక్తి దండగ, ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది.

పాలమూరు_జీప్:
మోటారు మాట తెచ్చారు కాబట్టి చెప్తున్నా. మా పొలంలో పైపులైను అక్కడక్కడ కారుతుంది. ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర పెట్టినం. చివరి మడి దాకా నీళ్లు పోయినయి, పంట చేతికొచ్చింది. లైను మొత్తం తవ్వి కొత్త పైపు వేసేదాకా ఆగితే వరి ఎండిపోయేది. మీరు చెప్పిన పోలిక నా దిక్కే ఉంది.

మిర్యాలగూడ_ఫిట్టర్:
పైపు కారితే నేల తడుస్తుంది. బేరింగ్ సందు పెరిగితే క్రాంక్ కొట్టుకుంటుంది, దెబ్బ మీద దెబ్బ పడి షెల్ (బేరింగ్ లోపలి రేకు) పూత లేచిపోతుంది. రెండూ ఒకటి కాదు.

పాలమూరు_జీప్:
కానీ నీళ్లు చివరికి చేరాయా లేదా? అది చెప్పండి.

సూర్యాపేట_1100:
ఏ ఆయిల్ పోస్తున్నారు? నా పద్మినిలో 20డబ్ల్యూ-40 తీసి, వేడిలో ఇంకా చిక్కగా ఉండే 20డబ్ల్యూ-50 పోస్తే వేడిలో నాలుగైదు పాయింట్లు లేచింది.

నల్లగొండ_అంబీ:
20డబ్ల్యూ-50 పోస్తున్నాను. అది పోశాకే ఈ 8.

దేవరకొండ_రోడ్:
రిలీఫ్ స్ప్రింగ్ వెనక ఒక వాషర్ వేయండి. పైసా ఖర్చు లేదు.

మిర్యాలగూడ_ఫిట్టర్:
వాషర్ వేస్తే స్ప్రింగ్ బిగుసుకుని వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. పై అంకె 60 ఉన్నది 70 అవుతుంది. సిగ్నల్ దగ్గర 8 ఉన్నప్పుడు ఆ వాల్వ్ మూసే ఉంటుంది, దానికీ వాషర్‌కూ సంబంధం లేదు. మూసినప్పుడు సరిగ్గా కూర్చోకుండా చెత్త ఇరుక్కుందేమో మాత్రం చూడండి. ఒక్క బోల్టు విప్పితే తెలుస్తుంది. సీటు మీద గీత పడినా స్లోలో ప్రెషర్ పోతుంది.

జీప్ అన్నకు కూడా ఒక మాట. మీ బండిలో క్యామ్‌షాఫ్ట్ గేర్ పంప్‌ను తిప్పుతుంది, ఆ పంప్ షాఫ్టే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పుతుంది. పెద్ద పంప్ బరువంతా ఆ చిన్న గేరు పళ్ల మీదే. పళ్లు అరిగితే టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) అటూ ఇటూ ఊగుతుంది. ప్రెషర్ గేజ్ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

పాలమూరు_జీప్:
పంప్ దింపి ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను తప్పితే టైమింగ్ పోతుందని నాకు తెలుసు, నేనే బిగించుకున్నా. ఇన్నేళ్లలో ఏ పన్నూ అరగలేదు. మీరు పుస్తకం చెప్తున్నారు, నేను బండి చెప్తున్నా.

మిర్యాలగూడ_ఫిట్టర్:
నేను చెప్పేది షెడ్డులో చూసింది. గేజ్ బాగుందని నమ్మి తోలి, కనెక్టింగ్ రాడ్ ఇంజన్ బ్లాకులోంచి బయటికి పొడుచుకొచ్చాక లారీ మీద వేసుకుని తెచ్చేది మా దగ్గరికే. సలహా ఇచ్చినవాళ్లు ఆ రోజు ఫోన్ ఎత్తరు. అప్పుడు "ముందే విప్పి ఉంటే షెల్స్‌తో పోయేది కదా" అని మేమే చెప్పాలి, తిట్లు మేమే పడాలి.

పాలమూరు_జీప్:
విప్పితే బిల్లు మీకే వస్తుంది కదా. విప్పమనే అంటారు.

మిర్యాలగూడ_ఫిట్టర్:
నా షెడ్డుకు తెమ్మని ఎక్కడన్నా అన్నానా? పైన ఒక్కసారి చదవండి. మాట జారకండి.

నల్లగొండ_అంబీ:
ఇద్దరూ ఆగండి. అసలు విషయం నేను చెప్పలేదు. ఈ ఇంజన్ ఇంతకుముందు ఒకసారి విప్పించాను. ఒక వర్క్‌షాపులో ఫుల్ ఓవర్‌హాల్ అని ఇస్తే, క్రాంక్ గ్రైండింగ్ ఎక్కడో బయట చేయించి బిగించి ఇచ్చారు. ఏ సైజుకు పట్టారో అడిగితే "చూసుకున్నాం లే సార్" అన్నారు. కొలత కాగితం లేదు. ఈ గేజ్ పెట్టిందే ఆ తర్వాత, అనుమానంతో. అంతకుముందు మా నాన్న ఈ బండిలో విజయవాడ దాకా పోయి వచ్చేవాడు, ఎన్నడూ ఇంజన్ గురించి మాట్లాడింది లేదు. ఫిట్టరన్నా, మీరు చెప్పిన లెక్క నాకు అర్థమైంది. సందు పెరిగిందనే నేనూ అనుకుంటున్నా. కానీ మళ్లీ విప్పితే దాన్ని సరిగ్గా బిగించేవాడు ఎవరు? 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, ఈ ఇంజన్ చేతికి అలవాటైన మేస్త్రీలు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. అందుకే పంప్ అడిగాను. విప్పకుండా గడిచిపోతుందని.

పాలమూరు_జీప్:
నేను మొదటి నుంచి చెప్పేది కూడా ఇదే. పంప్ గొప్పదని కాదు. చెడగొట్టే చేతిలో పెట్టేకంటే నడుస్తున్నదాన్ని నడవనివ్వడం మేలు.

మిర్యాలగూడ_ఫిట్టర్:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు తమ్ముడూ. భయం అర్థమవుతుంది. కానీ ఒకడు కొలవకుండా బిగించాడని, ఇంకెవరూ కొలవకూడదని రూలు లేదు. విప్పడం వేరు, కొలవడం వేరు. సంప్ దించి ఒక్క బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్‌ను క్రాంక్‌కు బిగించే మూత) తీయించండి, మీరు పక్కనే నిలబడి. షెల్ వెనక సైజు గుద్ది ఉంటుంది: 010, 020, 030 అని, అంటే క్రాంక్‌ను ఎన్ని థౌ అరగదీశారో ఆ అంకె. ఫోటో తీసుకోండి. ప్లాస్టిగేజ్ అని సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ తీగ ముక్క ఒకటి పెట్టి, క్యాప్‌ను టార్క్ రెంచ్‌తో బిగించి మళ్లీ తీస్తే, ఆ తీగ ఎంత వెడల్పుకు చదునైందో చూసి సందు ఎంతో చెప్పొచ్చు. తీగతో వచ్చే కొలతపట్టీలోనే ఉంటుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

రెండు, రెండున్నర థౌ వస్తే మామూలు పంపే ఉంచి, రిలీఫ్ వాల్వ్ చూసుకుని తోలండి. ఇదే వంశం ఇంజన్ ఉన్న ఎంజీబీ అనే బ్రిటిష్ కారుకి నడకలో 50 నుంచి 80, స్లోలో 10 నుంచి 25 ఉంటే మామూలే అంటారు. వేడిలో మీ 8 దానికి కొంచెమే తక్కువ. నాలుగు దాటితే మాత్రం ఏ పంపూ కాపాడదు.

పాలమూరు_జీప్:
నాలుగు దాటి, షెల్ మీద 040 ఉంటే? ఇంకా కింది సైజు షెల్ ఎక్కడ తెస్తాడు? అప్పుడు కూడా పంప్ వద్దనే అంటారా?

మిర్యాలగూడ_ఫిట్టర్:
అప్పుడు ఇంకో క్రాంక్ వెతకాలి. అది దొరికేదాకా పెద్ద పంప్ వేసి మెల్లగా ఊళ్లో తోలుకుంటానంటే అడ్డుపడను. విజయవాడ మాత్రం వద్దు.

నల్లగొండ_అంబీ:
ప్లాస్టిగేజ్ నల్లగొండలో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి తెప్పించాలా? క్యాప్ తీసే రోజు షెల్ ఫోటో ఇక్కడే పెడతాను.