వీణ, తంబురా వినడానికి వాల్వు ఆంప్లిఫైయరే కావాలా?

వీణాప్రియ, తిరుపతి

పదకొండు అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు ఉన్న చిన్న గదిలో, వేకువజామున ఫ్యాను ఆపేసుకొని, వీణ, తంబురా, ఒక్క గొంతు మాత్రమే ఉండే రికార్డింగులు వినడం నా అలవాటు. మృదంగం ఉన్న కచేరీలు అరుదుగా వింటాను. నా స్పీకర్ల సున్నితత్వం ఒక వాటుకు, మీటరు దూరంలో 88 డెసిబెల్స్. ఇప్పుడున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్‌ను తీసేసి, చానల్‌కు ఒక్క 300బి ట్రయోడు (గాజు గొట్టం రూపంలోని ఒక రకం వాల్వు) ఉండే సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫైయర్ కొనాలని ఉంది. గత నెల ఒక మిత్రుని ఇంట్లో అటువంటిది విన్నాను. మీటు వేశాక నాదం సన్నగిల్లుతూ పోయే చివరి భాగంలో, తీగ మీద వేలు ఇంకా గమకం పలికిస్తూనే ఉందని నాకు అంత స్పష్టంగా ఎన్నడూ వినిపించలేదు. అది వాల్వు గుణమేనా? దాని ఎనిమిది వాట్లు నాకు చాలుతాయా?

లెక్కల మాస్టారు, చిత్తూరు

వీణాప్రియ గారూ, మీకు వినిపించింది నిజమే కావచ్చు. అయితే అది వీణలో ఉన్నదా, ఆంప్లిఫైయర్ చేర్చినదా అన్నది ముందు తేల్చుకోవాలి. సింగిల్ ఎండెడ్ ట్రయోడు వక్రీకరణలో (అసలు ధ్వనికి యంత్రం చేసే మార్పులో) రెండో హార్మోనిక్‌దే, అంటే అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్ ఉండే స్వరానిదే, పెద్ద వాటా. అది షడ్జానికి సరిగ్గా పై స్థాయి షడ్జమే కదా, మూడోది దానిపై పంచమమే కదా, కనుక చేరినా శ్రుతికి చెరుపు లేదని వాల్వు అభిమానులు అంటారు. ఒకే స్వరం మోగుతున్నంత వరకు ఆ మాట నిజం. రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు మాత్రం అదే వక్రీకరణ వాటి మొత్తానికి, భేదానికి సమానమైన కొత్త స్వరాలను పుట్టిస్తుంది. తంబురా షడ్జం 160 హెర్ట్జ్, పంచమం 240 అనుకుంటే భేదం 80, అంటే మంద్ర షడ్జం. అది కూడా కలిసిపోతుంది. కానీ ఆ శ్రుతి మీద వీణ గాంధారం గమకంతో ఊగుతున్నప్పుడు, ఈ భేద స్వరాలు కూడా దానితోపాటు ఊగుతూ రాగంలో లేని చోట్లకు వెళతాయి. తంబురా తీగల కింద నూలు పోగును వెంట్రుకవాసి జరిపి జరిపి సాధించే ఆ రొదను యంత్రం తన సొంత చేర్పుతో కప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పాత వాల్వు రేడియోల తియ్యదనాన్ని ఇక్కడ సాక్ష్యంగా తేవద్దని మనవి. మీడియం వేవ్ ప్రసారంలో, సెట్టులో నాలుగైదు వేల హెర్ట్జ్ పైన ధ్వని దాదాపు తెగిపోయేది. ఆ మెత్తదనంలో ఎక్కువ పాలు దానిదీ, చెక్కపెట్టెదీ.

సన్నతీగ, పలమనేరు

మాస్టారు గారి సూత్రంతో నాకు పేచీ లేదు, మోతాదుతోనే పేచీ. అంత చిన్న గదిలో సగటున 70 డెసిబెల్స్ దగ్గర వింటే, ఆ స్పీకర్లకు వాటులో నలభయ్యో వంతు చాలు. మీటు దానికి 20 డెసిబెల్స్ పైకి లేచిందనుకున్నా వంద రెట్లే, అంటే రెండున్నర వాట్లు. ట్రయోడులో రెండో హార్మోనిక్ శాతం ధ్వని తగ్గేకొద్దీ దానితోపాటే తగ్గుతుంది: ఎనిమిది వాట్ల వద్ద ఐదు శాతం ఉన్నది, నలభయ్యో వంతు వాటు వద్ద 0.3 శాతం లోపే ఉంటుంది. నాదం సన్నగిల్లే ఆ చివరి భాగంలో మాస్టారు గారు భయపడే భేద స్వరాలు ఇంకా చిన్నవి. కాబట్టి వీణాప్రియ గారు విన్న తేడాకు కారణం అక్కడ కాక, వేరే చోట వెతకాలి.

నా దృష్టిలో అసలు కారణం అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ఆంప్లిఫైయర్ లోపల కరెంటుకు ఉండే అడ్డు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపి తప్పులు సరిదిద్దుకునే పద్ధతి) లేని 300బి ఆంప్లిఫైయర్లలో అది రెండు, మూడు ఓమ్‌ల దాకా ఉండవచ్చు. ట్రాన్సిస్టర్‌లో ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు. స్పీకర్ ఇంపీడెన్స్ ఒక్కో స్వరస్థాయి వద్ద ఒక్కో రకంగా ఉంటుంది గనుక, అది పెరిగిన చోట ధ్వని కూడా కొంచెం ఉబ్బుతుంది. గొంతు ముందుకు వచ్చినట్టు, నాదం నిలిచినట్టు అనిపించడం అందువల్ల కావచ్చు. మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం వదులుగా వినిపించడమూ అందువల్లే. దీన్ని పరీక్షించడానికి వాల్వులు కొననక్కరలేదు. రెండు ఓమ్‌ల, పది వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండు తెచ్చి, ఒక్కో స్పీకరు తీగకు ఒక్కటి వరుసలో కలిపి, మీ ట్రాన్సిస్టర్‌తోనే వినండి.

కొనాలనే నిర్ణయించుకుంటే రెండు మాటలు చెప్పాలి. మా వైపు బోరు మోటార్లు ఆడేటప్పుడు కరెంటు 230 వోల్టుల నుంచి 200కు దిగుతుంది. అప్పుడు ఐదు వోల్టులు అందవలసిన ఫిలమెంటుకు (వాల్వు లోపల వేడెక్కే తీగకు) నాలుగున్నర కూడా అందదు. స్టెబిలైజర్ తప్పనిసరి. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి గనుక మూత తీసి చేయి పెట్టవద్దు.

లెక్కల మాస్టారు, చిత్తూరు

ధ్వని స్థాయి తక్కువైతే నా అభ్యంతరం బలహీనపడుతుందని ఒప్పుకుంటున్నాను. కానీ స్పీకరును బట్టి రుచి మారే ఆంప్లిఫైయర్‌ను వీణకు అనువైనదని ఎలా అనగలం? అనువైనది ఆ జంట అనవలసి ఉంటుంది. పైగా సంగీతం ఉన్నా లేకున్నా వంద వాట్లకు పైగా గుంజి వేడిగా మార్చే యంత్రాన్ని తిరుపతి మే నెలలో, ఫ్యాను ఆపిన గదిలో పెట్టుకోవడం గురించి కూడా ఆలోచించండి.

వీణాప్రియ, తిరుపతి

రెసిస్టర్లు పెట్టి మూడు రోజులు విన్నాను. గొంతు ముందుకు రావడం స్పష్టంగా తెలిసింది. సన్నతీగ గారు చెప్పినట్టే జరిగింది. కానీ మీటు తర్వాతి ఆ సన్నని గమకం మాత్రం మిత్రుని ఇంట్లో వినిపించినట్టు వినిపించలేదు. మాస్టారు గారి జంట అన్న మాట చదివాక, నా మిత్రుని స్పీకర్లు నా వాటి వంటివి కావన్న సంగతిని నేను లెక్కలోకే తీసుకోలేదని గ్రహించాను. అవి 96 డెసిబెల్స్ సున్నితత్వం ఉన్న పెద్ద పెట్టెలు. ఈ ఆదివారం నా స్పీకర్లను ఆయన ఇంటికి తీసుకువెళ్ళి అదే 300బికి కలిపి, ఆ తర్వాత నా ట్రాన్సిస్టర్‌ను ఆయన స్పీకర్లకు కలిపి, అదే వీణ రికార్డింగు వింటాను. అంతవరకు బయానా ఇవ్వను.