గుడ్డు పెంకు పలచబడుతోంది: రాతిపొడి పెంచాలా, సాయంత్రం గ్రిట్ వేయాలా?

అనపర్తి_లేయర్:
మా కోళ్లకు 60 వారాలు దాటాయి. ఎండలు మొదలయ్యాక ట్రేల్లో చిట్లిన గుడ్లు బాగా పెరిగాయి. దాణాలో రాతిపొడి (కాల్షియం కోసం వేసే సున్నపురాయి పొడి) ఇంకో 2 శాతం పెంచమని మేత మిల్లులో చెప్పారు. కొందరేమో పొడి వద్దు, సాయంత్రం షెల్ గ్రిట్ (ఆల్చిప్పల ముక్కలు) వేయమంటున్నారు. ఏది చేయమంటారు?

మేత_లెక్క:
పొడి పెంచండి. 2 శాతం రాతిపొడితో కాల్షియం ముప్పావు శాతం పెరుగుతుంది. గ్రిట్ విడిగా చల్లితే బలమైన కోడి ఏరుకుంటుంది, పక్కది చూస్తూ ఉంటుంది. పైగా కూలి అదనం.

గోదారి_పశువైద్యం:
ఒప్పుకోనండి. కోడికి కావలసింది గ్రాములు. 4 శాతం కాల్షియం ఉన్న దాణా 110 గ్రాములు తింటే 4.4 గ్రాముల కాల్షియం అందుతుంది. ఎండకి మేత 90 గ్రాములకు పడిపోతే అందేది 3.6. అందులో ఒంటబట్టేది సుమారు సగం. ఒక్క పెంకుకే 2 గ్రాములకు పైగా కావాలి. నిజమే, లోటు ఉంది. కానీ పొడి దట్టిస్తే దాణా రుచి చెడి కోడి ఇంకా తక్కువ తింటుంది.

అసలు చూడాల్సింది వేళ. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రే, కోడి మేత ముట్టని సమయంలో. పొడి తొందరగా పేగుల్లోకి జారిపోతుంది. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గ్రిట్ కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అది లేకపోతే కోడి తన ఎముకల్లోంచే ఎక్కువగా లాక్కుంటుంది. పంజరంలో కాళ్లు చచ్చుబడి, నీళ్ల దాకా కూడా వెళ్లలేక పడిపోయే కోళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పొడిలో సగం తగ్గించి, అంత బరువు గ్రిట్ సాయంత్రం మేతలో కలపండి.

మేత_లెక్క:
రొప్పే కోడికి గ్రిట్ పెట్టినా పెంకు పలచనే కదా?

గోదారి_పశువైద్యం:
ఆ మాట సరైనదే. రొప్పేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పోయి రక్తంలో బైకార్బనేట్ తగ్గుతుంది. పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బనేటే కాబట్టి ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. చల్లటి నీళ్లు, ఫాగర్లు (షెడ్డులో నీటి తుంపర చల్లేవి), దాణాలో తినే సోడా కూడా చూసుకోవాలి. విటమిన్ డి3 తక్కువైతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు. వయసు పెరిగేకొద్దీ గుడ్డు సైజు పెరుగుతుంది, పెంకు ఆ మేరకు పెరగదు. అందుకే 60 వారాల మందలో కొంత పలచదనం తప్పదు.

పెరటి_కోళ్లు:
మావి నాటుకోళ్లు, పెట్టలూ పిల్లలూ కలిసే తింటాయి. దాణాలో గ్రిట్ కలిపేయొచ్చా సార్?

గోదారి_పశువైద్యం:
వద్దమ్మా. ఎదిగే పిల్లలకు 1 శాతం కాల్షియం చాలు. లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణా మోతాదు పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. గ్రిట్ వేరే గిన్నెలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. గుడ్డు పెట్టే పెట్ట కావలసినంత ఏరుకుంటుంది.

మేత_లెక్క:
సాయంత్రం మేతలోనే కలిపేటట్లయితే కూలి సమస్య లేదు, సరే. పొడి మాత్రం పూర్తిగా మానొద్దు. పగలు కూడా కోడికి కాల్షియం కావాలి.