లైకెన్లను చూసి మా ఊరి గాలి సంగతి చెప్పొచ్చా?

మిర్యాలగూడ టీచర్:
మిర్యాలగూడ పక్కన ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను. చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు, గాలి ఇటు మళ్లిందంటే ఆరేసిన బట్టల మీద నల్లగా ఊక బూడిద, పిల్లలు కళ్లు నలుపుకుంటూనే క్లాసుకొస్తారు. చెట్ల బెరడు మీద మచ్చల్లా పెరిగే లైకెన్లు గాలి కాలుష్యాన్ని పట్టిస్తాయని పాఠంలో చదివాక, మన చెట్ల మీద చూద్దాం సార్ అని వాళ్లే అడిగారు. బడి ముందున్న వేపచెట్ల మీద ఒక్కటీ కనపడలేదు. అంటే సల్ఫర్ డయాక్సైడ్ (గంధకం కాలితే వచ్చే గ్యాస్) ఎక్కువుందని రాయొచ్చా? గ్రామసభలో చెప్పాలనుకుంటున్నాం, ఉన్నదే చెప్పాలి.

పాలమూరు బాటనీ:
సార్, అప్పుడే ఆ మాట రాయకండి. లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. దానికి వేర్లుండవు, ఆకు మీద ఉండే మైనం పొర లాంటిదీ ఉండదు, వానలో గాలిలో ఏముంటే అదే నేరుగా పీల్చుకుంటుంది. చెట్టు ఆకు రాల్చినట్టు అది రాల్చుకోలేదు కాబట్టి లోపల పేరుకుపోతుంది. పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలో ఉన్న లైకెన్లు నగరంలో మిగతా చోట్ల లేవని నైలాండర్ అనే లైకెన్ శాస్త్రవేత్త 1866లోనే రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్‌లో చెట్ల మీది లైకెన్లతో సల్ఫర్ డయాక్సైడ్‌కి ఒక కొలమానమే తయారుచేశారు. కానీ అది బొగ్గు పొగ, చల్లటి తడి వాతావరణం. మన దగ్గర ఎండకి, పొడి గాలికి కూడా లైకెన్ నిలవదు. పైగా మిల్లుల్లో కాల్చే ఊకలో గంధకం తక్కువ, బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. అది పైన పేరుకుని వెలుతురు అందకుండా చేసి ఉండొచ్చు. ఒక్క చోట చెట్లు చూసి గ్యాస్ పేరు చెప్పలేం.

కొల్లాపూర్ మామిడి రైతు:
మా తోటలో మామిడి మొద్దుల మీద బూడిద రంగు మచ్చలు చాలా ఉంటాయి. తెగులేమో గీకేయాలా అని చాలామంది అడుగుతుంటారు. అవి లైకెన్లే, చెట్టు రసం తాగవు, బెరడు మీద ఊరికే కూర్చుంటాయి. దయచేసి గీకకండి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ జాతే, అది కొండల్లో పెరిగేది. సార్, మచ్చ లైకెనా, సున్నపు మరకా అని డౌటొస్తే కొంచెం నీళ్లు చల్లండి. లైకెన్ అయితే చూస్తుండగానే పచ్చబడుతుంది, లోపలి శైవలం బయటికి కనపడుతుందన్నమాట. పిల్లలకి ఇది చూపిస్తే వదలరు.

మిర్యాలగూడ టీచర్:
థాంక్స్ అన్నా, పాలమూరు సార్‌కి కూడా. మరి ఎట్లా చేయాలి? మా దగ్గర భూతద్దం, స్కేలు తప్ప ఏం లేవు.

పాలమూరు బాటనీ:
అవే చాలు. మిల్లు దగ్గర, ఊళ్లో, మిల్లుకి గాలి వచ్చే వైపు దూరంగా పొలాల్లో, ఇట్లా కొన్ని చోట్లు ఎంచుకోండి. అన్ని చోట్లా ఒకే రకం చెట్టు, దాదాపు ఒకే లావు, నిటారు మొద్దు ఉండాలి. వేప బెరడు, మామిడి బెరడు ఒకటి కావు, కలిపితే లెక్క చెడిపోతుంది. రోడ్డు పక్కన సున్నం, జాజు పూసిన చెట్లను అసలు ముట్టుకోకండి, బడి ముందు వేపలకి ఏమైనా పూశారేమో కూడా చూడండి. యూరప్ పద్ధతిలో నేల నుంచి మీటరు ఎత్తున మొదలుపెట్టి, 10 సెంటీమీటర్ల గళ్లు ఐదు నిలువుగా, మొద్దుకి నాలుగు దిక్కులా పెడతారు. ఏ లైకెన్ ఎన్ని గళ్లలో ఉందో రాసుకుంటారు. మీరు పేర్లు తెలియకపోయినా బెరడుకి అతుక్కున్న పెంకు లాంటివి, అంచు తమ్మెలు తమ్మెలుగా ఉన్న ఆకు లాంటివి అని రెండుగా విడదీయండి. మన మైదానాల్లో పిక్సినే, డిరినేరియా లాంటివి ఆకు రకంలోకే వస్తాయి. ఎండా, నీడా కూడా రాయండి. లేకపోతే చెరువు గట్టున ఉన్న చెట్టుకి, ఎండలో ఉన్న చెట్టుకి తేడాని మిల్లు మీదకి తోసేస్తారు.

నల్లమల ట్రెక్కర్:
ఒక్క మాట. శుభ్రమైన చోటి లైకెన్లను బెరడుతో సహా తెచ్చి కాలుష్యం ఉన్న చోట వేలాడదీసే పద్ధతి కూడా ఉంది, కానీ దానికోసం అమ్రాబాద్ అడవిలోంచి తేకండి. అది టైగర్ రిజర్వ్, పర్మిషన్ లేకుండా ఏదీ తీసుకోకూడదు. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది, ఒక్క బెరడు ముక్క ఊడదీస్తే ఏళ్ల పెరుగుదల పోయినట్టే. గ్రామసభలో మాత్రం దుమ్ము గురించి పట్టుకుని మాట్లాడండి. మిల్లుకి దగ్గరైన కొద్దీ లైకెన్లు తగ్గుతున్నాయని మీ లెక్కలో వస్తే, గాలి కొలిచే మిషన్ ఏ వాడలో పెట్టాలో ఆ పట్టికే చూపిస్తుంది, దాన్ని పట్టుకుని పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి అర్జీ పెట్టుకోవచ్చు.