సీనియర్స్ వ్యాన్లన్నీ ఒకే ఫోన్ నంబర్ కిందకి తేవాలంటే ఫండ్స్ దొరుకుతాయా?

ప్రశ్న: అమెరికాలో మా కౌంటీలో సీనియర్ సెంటర్ వ్యాన్ వేరు, డయాలసిస్‌కి తీసుకెళ్ళే వాలంటీర్లు వేరు, ఒకరి సంగతి ఒకరికి తెలీదు, ఒకే వీధికి రెండు బళ్ళు సగం ఖాళీగా వస్తున్నాయి. అన్నీ కలిపి నడపడానికి ఫెడరల్ డబ్బులేమైనా ఉన్నాయా అండీ?

జవాబు 1: ఉన్నాయి, సెక్షన్ 5310 అనే ఫెడరల్ రవాణా గ్రాంట్ చూడండి, వృద్ధులకీ వికలాంగులకీ పెట్టిందే. మీరడిగేదాన్ని అందులో మొబిలిటీ మేనేజ్‌మెంట్ అంటారు, అంటే వేర్వేరు బళ్ళని కలిపి నడపడం. ఫోన్లు ఎత్తి ఏ బండి ఎటు పోవాలో చూసే మనిషి జీతం కూడా అందులో పెట్టొచ్చు, దాన్ని క్యాపిటల్ ఖర్చు (బళ్ళు కొనడం లాంటి పెట్టుబడి) కింద లెక్కేస్తారు కాబట్టి 80 శాతం దాకా ఇస్తారు. డ్రైవర్ జీతం, డీజిల్ అయితే ఆపరేటింగ్, అంటే రోజూ నడిపే ఖర్చు, దానికి 50 శాతమే.

జవాబు 2: ఆ మిగతా 20 దగ్గరే అందరూ బోల్తా పడేది 😅 కౌంటీ చేతులెత్తేస్తే రవాణా శాఖవి కాని ఫెడరల్ ఫండ్స్ కొన్నిటిని మ్యాచ్‌గా, అంటే మీరు పెట్టాల్సిన వాటాగా చూపించొచ్చు. ఇంకోటి, మీ ప్రాజెక్టు లోకల్ కోఆర్డినేటెడ్ ప్లాన్‌లోకి (వృద్ధుల, వికలాంగుల రవాణా అవసరాల మీద మీ ఏరియాలో కలిసి రాసుకునే ప్లాన్) ఎక్కాలి, లేకపోతే అప్లికేషన్ పక్కన పడేస్తారు.

ప్రశ్న: ఆ ప్లాన్ ఎవర్నడగాలి?

జవాబు 1: పల్లెలు, చిన్న టౌన్లయితే స్టేట్ డీఓటీ, అంటే రాష్ట్ర రవాణా శాఖ. 2 లక్షల జనాభా దాటిన ఏరియా అయితే మామూలుగా ఎంపీఓ (ఆ నగర ప్రాంతం రవాణా ప్లాన్లు చూసే సంస్థ) గానీ ట్రాన్సిట్ ఏజెన్సీ గానీ. డబ్బు మాత్రం రీయింబర్స్‌మెంటే, ముందు మీరు పెట్టాక ఇస్తారు, చేతిలో నాలుగు రాళ్ళు లేకుండా దిగకండి.