లిఫ్ట్ చేశాక జిమ్నీ స్టీరింగ్ తేలిపోతోంది: క్యాస్టర్, పాన్‌హార్డ్ రాడ్ విషయంలో మీ అనుభవాలు చెప్పండి

కోకాపేట_జిమ్నీ:
అందరికీ నమస్కారం. మా మారుతి జిమ్నీకి గత నెలలో బండిని 40 మిల్లీమీటర్లు పైకి లేపే లిఫ్ట్ స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు వేయించాను. అనంతగిరి కొండల్లోని రాళ్లబాటలో బండి ఎంతో బాగా నడిచింది. కానీ తిరిగి వస్తూ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటగానే స్టీరింగ్ తేలిపోయింది. మలుపు తిరిగాక పట్టు సడలిస్తే చక్రం దానంతటది నడిమికి రావడం లేదు, పక్క నుంచి లారీ పోతే ఆ గాలికే బండి జరుగుతోంది. అలైన్‌మెంట్ చేయిస్తే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగానే ఉందని చెప్పి పంపించారు. వచ్చే నెల పిల్లలతో అరకు వెళ్లాలి, ఈ స్థితిలో ఘాట్ రోడ్డు ఎక్కడానికి ధైర్యం చాలడం లేదు. ఇదే పని చేయించుకున్నవారు ఏమేమి సరిచేసుకున్నారో దయచేసి చెప్పండి.

ఇరుసు_బాట:
మీ అలైన్‌మెంట్ కాగితంలో టో పక్కన పెట్టి క్యాస్టర్ అంకె చూడండి, జబ్బు అక్కడే ఉంటుంది. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం చేతులు వదిలినా చక్రం తిన్నగా నిలవడానికి తోడ్పడుతుంది కదా, క్యాస్టర్ అంటే ఆ వాలే. జిమ్నీ ముందు ఇరుసును రెండు పొడవాటి ఆర్ములు పట్టుకుని ఉంటాయి. ఆర్ము ఇరుసుకు రెండు బోల్టులతో బిగిసి ఉంటుంది కనుక ఛాసిస్ పైకి లేచి ఆర్ము ఎంత వాలితే ఇరుసు కూడా అంతే తిరిగి, స్టీరింగ్ అక్షం పైభాగం ముందుకు వస్తుంది. ఆర్ము పొడవు 750 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే 40 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కు సుమారు 3 డిగ్రీలు పోతాయి. కంపెనీ ఇచ్చిన క్యాస్టరే తక్కువగా ఉండే ఇలాంటి బండిలో ఆ 3 డిగ్రీలు పోయాక మిగిలేది ఏమీ ఉండదు.

సరిచేయడానికి మూడు దారులున్నాయి. ఇరుసు దగ్గర రంధ్రం పక్కకు ఉన్న క్యాస్టర్ బుష్‌లు (ఆర్ము బోల్టు చుట్టూ ఉండే తొడుగులు) వేయడం చవక, కానీ పాలీయురేథేన్ బుష్ గట్టిగా ఉండడం వల్ల రాళ్ల మీద ఒక చక్రం లేచి మరొకటి దిగే స్వేచ్ఛ కొంత తగ్గుతుంది. ఛాసిస్ వైపు బ్రాకెట్ వేసి ఆర్ము చివరను కిందికి దించితే కోణం బాగా కుదురుతుంది, అయితే ఆ బ్రాకెట్టే బండరాయికి తగులుతుంది. కోణం సరిచేసి తయారుచేసిన కొత్త ఆర్ములు అన్నింటికన్నా మేలు, ఖర్చూ ఎక్కువే. ఏది చేసినా ఇరుసుతో పాటు ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గేర్ల మూతి కూడా కిందికి వాలుతుందని, దానికి ఇంజిన్ శక్తిని తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుందని మరువకండి. కాబట్టి పోయినదంతా తిరిగి తెచ్చుకోవాలని పట్టుపట్టకుండా, స్టీరింగ్ తనంతట తాను నడిమికి వచ్చేంత వరకు సరిచేసి ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

పాత_540:
మా మహీంద్రా ఎంఎం 540 జీపుకు ముందూ వెనుకా పట్టీ స్ప్రింగులే. పదేళ్ల క్రితం స్ప్రింగు కొనను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవుది వేసి ఎత్తినప్పుడు ఇదే బాధ పడ్డాను. స్ప్రింగు కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ఇనుప పలక పెట్టించాక కుదిరింది. ఆ పలకను తిరగేసి పెడితే బాధ రెట్టింపవుతుంది, బిగించే ముందు ఏ వైపు లావుగా ఉండాలో రెండుసార్లు చూసుకోండి.

భీమిలి_థార్:
2020 తర్వాత వచ్చిన థార్ ఉన్నవారు పై సలహాలను యథాతథంగా తీసుకోవద్దు. దీని ముందు భాగం డబుల్ విష్‌బోన్ (ఒకే ఇరుసు కాక, ప్రతి చక్రానికి విడిగా పై ఆర్ము, కింది ఆర్ము) కనుక ఎత్తగానే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో కూడా మారిపోతాయి, ఆక్సిల్ షాఫ్ట్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరుగుతాయి. షాక్ అబ్జార్బర్ పైన 20 మిల్లీమీటర్ల పలక పెట్టిస్తే నా బండి ముందు 34 మిల్లీమీటర్లు లేచింది. షాక్ కింది ఆర్ముకు చక్రం కన్నా లోపలగా బిగిసి ఉండడమే కారణం. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పై ఆర్ము స్ప్రింగుకు తగులుతోందేమో, బాల్ జాయింట్ ఆఖరి హద్దుకు చేరిందేమో జాకీ మీద ఉండగానే చూడాలి. నేను చూసుకోలేదు, ఆరు నెలల్లో బాల్ జాయింట్ రబ్బరు చిరిగిపోయింది.

ఇరుసు_బాట:
జిమ్నీ గురించి మరొక మాట. ఇరుసును అడ్డంగా పట్టే పాన్‌హార్డ్ రాడ్ ఒక కొన ఛాసిస్‌కు, మరో కొన ఇరుసుకు ఉంటుంది కనుక బండి లేచినప్పుడు ఇరుసును పక్కకు లాగుతుంది. 850 మిల్లీమీటర్ల రాడ్ బల్లపరుపుగా ఉంటే 50 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కు ఇరుసు జరిగేది ఒకటిన్నర మిల్లీమీటరే, కానీ అదే రాడ్ మొదటే 100 మిల్లీమీటర్లు వాలి ఉంటే 7 దాటుతుంది. మన వైపు స్టీరింగ్ కుడిన ఉంటుంది కాబట్టి ముందు ఇరుసు కుడికి జరుగుతుంది. వెనుకది ఎటు జరిగిందో కూడా కొలవండి, రెండూ చెరో వైపు పోతే బండి పీతలా నడుస్తుంది.

పొడవు మార్చుకునే రాడ్‌తో ఇరుసును నడిమికి తెచ్చిన తరువాతే, స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ కడ్డీని ముట్టుకోవాలి. ఈ రాడ్, డ్రాగ్ లింక్ ఇంచుమించు సమాంతరంగా ఉండబట్టే గతుకులో స్టీరింగ్ దానంతటది తిరగకుండా ఉంటుంది. స్టీరింగ్ చక్రం వంకరగా నిలిచిందని దాన్ని ఊడదీసి మరో పన్ను మీద పెట్టేవారున్నారు, అలా చేయనివ్వకండి. బండి జారకుండా తానే బ్రేకు వేసే ఈఎస్‌పీ తప్పు కోణం చదివి తిన్నని రోడ్డు మీదే బ్రేకు పట్టవచ్చు.

అరిజోనా_రాంగ్లర్:
నేను ఇక్కడ జీప్ రాంగ్లర్ నడుపుతాను, దానికీ ముందు రెండు చక్రాలను కలిపే ఒకే ఇరుసు ఉంది. లిఫ్ట్ తరువాత గతుకు తగలగానే స్టీరింగ్ ఊగిపోయేది. ఆ ఊపును అణచే స్టీరింగ్ డ్యాంపర్ మార్చాను, తగ్గలేదు. చివరికి పాన్‌హార్డ్ రాడ్ బోల్టు వదులై రంధ్రం కోలగా మారిందని తెలిసింది. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు ఆ బోల్టు మీద వేలు ఉంచి చూడండి, వదులుంటే వేలికే తెలుస్తుంది.

కోకాపేట_జిమ్నీ:
అందరికీ కృతజ్ఞతలు. కాగితం తీసి చూస్తే క్యాస్టర్ ఎడమన 0.1, కుడిన 0.3 ఉంది. ఆదివారం తాపీపని గుండుకు దారం కట్టి ఫెండర్ అంచు నుంచి వేలాడదీసి టైరు దాకా కొలిచాను. ముందు ఇరుసు 6 మిల్లీమీటర్లు కుడికి, వెనుకది 5 ఎడమకు జరిగి ఉన్నాయి. క్యాస్టర్ బుష్‌లు, ముందూ వెనుకా పొడవు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్‌లు వేయించాను. షెడ్డులో బండి గాలిలో ఉండగానే ఆర్ము బోల్టులు బిగించబోతే ఆపించి, చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువంతా పడ్డాక బిగింపించాను. లేకపోతే కొత్త బుష్‌ల పక్కనే ఉన్న పాత రబ్బరు బుష్‌లు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరిగేవి.

ఇప్పుడు క్యాస్టర్ 2.1, 2.2 చూపుతోంది. నిన్న రాత్రి అదే ఔటర్ మీద 90 వరకు నడిపాను, మలుపు తరువాత స్టీరింగ్ అరచేతిలో జారుతూ తనంతట తానే నడిమికి వచ్చింది. ఫోర్ వీల్ హైలో 60 దగ్గర సన్నని వణుకు ఉంది, టూ వీల్‌లో లేదు.

ఇరుసు_బాట:
టూ వీల్‌లో హబ్బులు విడిపోయి ముందు షాఫ్ట్ తిరగదు కనుక ఆ వణుకు షాఫ్ట్ కోణానిదే. వేగం తగ్గే మట్టిబాటలో బాధ లేదు. కానీ అరకు ఘాట్‌లో తడి రోడ్డు ఉన్నా ఫోర్ వీల్ వేయకండి, తారు రోడ్డు మీద ముందూ వెనుకా ఇరుసులకు శక్తి పంచే గేరు పెట్టెకు అది హాని. లిఫ్ట్‌కు తగ్గట్టు ముందు దీపాలు దించుకోండి, ఎదుటివారి కళ్లలో పడుతూ ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం వేలాడదీసి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకుపోవడం లేదని చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులకు ఇబ్బంది రావచ్చు కనుక, మూలపు స్ప్రింగులు పారవేయకుండా దాచి ఉంచండి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి టార్క్ (బిగింపు బలం) చూసి బిగించుకుని, క్యాస్టర్ అంకెలు ఇక్కడ రాయండి.