తప్పు వెతికిన భాగాన్ని వీడియోలో ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కాకినాడ దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. సాయంత్రాలు ఇంట్లో చిన్న చిన్న వస్తువులను విప్పి, వాటి లోపలి సర్క్యూట్‌ను తెలుగులో వివరిస్తూ వీడియోలు తీయడం ఈ మధ్యనే మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి. మూడో వీడియో విషయంలో ఒక సందేహం ఎటూ తేలక మీ ముందుంచుతున్నాను.

ఆ వీడియోలో విప్పినది, వెలుగు బాగా తగ్గిపోయిన చవకరకం ఎల్‌ఈడీ బల్బు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ గాని, ఐసీ గాని లేవు. 474 (అంటే 0.47 మైక్రోఫారడ్లు) అని ముద్రించిన, ప్రవాహాన్ని అదుపు చేసే ఒక ఫిల్మ్ కెపాసిటర్, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, వరుసగా కలిపిన 20 ఎల్‌ఈడీలు మాత్రమే ఉన్నాయి. కాగితం మీద లెక్క వేస్తే ఎల్‌ఈడీల గుండా సుమారు 25 మిల్లీఆంపియర్లు ప్రవహించాలి. మీటరు 10 మాత్రమే చూపింది. మొదట ఎల్‌ఈడీలను అనుమానించి, మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కదాన్నీ పరీక్షించాను. తరువాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను మార్చి చూశాను, బ్రిడ్జిలోని డయోడ్లను కొలిచాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి, పైకి కొత్తదానిలా మెరుస్తున్న ఆ ఫిల్మ్ కెపాసిటర్‌ను ఊడదీసి కొలిస్తే, 0.47 మైక్రోఫారడ్లు ఉండవలసింది 0.19 మాత్రమే ఉంది.

మొత్తం వీడియో 38 నిమిషాలు వచ్చింది, అందులో సగానికి పైగా ఈ వెతుకులాటే. చూసిన మిత్రులొకరు, జవాబు తెలిసిపోయింది కాబట్టి నేరుగా కెపాసిటర్ దగ్గర మొదలుపెట్టి ఆరు నిమిషాలకు కుదించమని సలహా ఇచ్చారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ నేను ల్యాబ్‌లో పిల్లలకు నేర్పాలని ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్నది సరిగ్గా ఆ వెతుకులాటనే. దాన్ని కోసేస్తే మిగిలేది ఒక సమాచారం మాత్రమే అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు? దీనితోపాటు మరొక చిన్న ఇబ్బంది కూడా ఉంది. నా బెంచ్ పవర్ సప్లై మీది అంకెలు కంటికి చక్కగా కనిపిస్తాయి గాని, ఫోన్ కెమెరాలో ఒకటి రెండు అంకెలు మాయమవుతున్నాయి. కారణం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మాష్టారూ, నేను వరంగల్‌లో ఉంటాను. వీడియోలు తీయను గాని, పదేళ్లకు పైగా ఇలాంటివే చూస్తూ ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ప్రేక్షకుడి వైపు నుంచి చెబుతున్నాను. ఆ భాగాన్ని తీసేయకండి.

సిడ్నీ నుంచి డేవ్ జోన్స్ 2009లో మొదలుపెట్టిన ఈఈవీబ్లాగ్ వీడియోలు మీరు చూసే ఉంటారు. ఆయన ముందుగా స్క్రిప్ట్ రాసుకోకుండా, బల్ల ముందు నిలబడి, చేతిలో ఉన్నదాన్ని పరిశీలిస్తూ నోటికి వచ్చిన ఆలోచనను వచ్చినట్టే చెబుతారు. ఒక కొలత ఊహించినట్టు రానప్పుడు అనుభవమున్న ఇంజనీరు తరువాతి ప్రశ్న ఏది వేసుకుంటాడో నాకు అక్కడే అర్థమైంది. తరగతిలో మాకు సిద్ధాంతం చెప్పారు, సరైన జవాబూ చెప్పారు, కానీ ఆ రెండింటి మధ్య ఉండే దారిలో మనిషి ఎలా నడుస్తాడో ఎవరూ చూపలేదు.

అయితే దీనర్థం ప్రతి నిమిషాన్నీ ఉంచమని కాదు. టంకం కరగడం కోసం ఎదురుచూసిన సమయం, స్క్రూడ్రైవర్ కోసం సొరుగు వెతికిన సమయం నిస్సంకోచంగా తీసేయండి. ప్రతి అనుమానానికీ ముందు, అది నిజమైతే మీటరు ఏం చూపాలో ఒక వాక్యంలో చెప్పి, ఆ తరువాతే ప్రోబు ఆనించండి. అలా చెప్పినప్పుడు చూసేవాడు కూడా మనసులో ఒక పందెం కాసుకుంటాడు, అప్పుడు ఇరవై నిమిషాలు ఐదు నిమిషాల్లా గడిచిపోతాయి. ఐల్ ఆఫ్ మ్యాన్ నుంచి వీడియోలు చేసే బిగ్ క్లైవ్ ఇలాంటి చవకరకం బల్బులనే విప్పుతారు. బోర్డు రెండు వైపులనూ ఫోటో తీసి, ఒకదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి పక్కపక్కన పెట్టి, దాని ఆధారంగా చేత్తో సర్క్యూట్ గీసి చూపుతారు. ఆ కాగితం కళ్ల ముందు ఉన్నంతసేపు, అనుమానం ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతోందో ప్రేక్షకుడు వేలు పెట్టి అనుసరించగలడు. మీ వీడియోలో కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలి.

మీ 25 మిల్లీఆంపియర్ల లెక్కను కూడా దయచేసి తెర మీద పూర్తిగా చేసి చూపండి. నేను ఇక్కడ వేసి చూసుకున్నాను. 50 హెర్ట్జ్ వద్ద 0.47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ప్రతిరోధం దాదాపు 6,770 ఓమ్‌లు. 230 వోల్టులను దానితో భాగిస్తే 34 మిల్లీఆంపియర్లు వస్తాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఎల్‌ఈడీల వరుస దాదాపు 60 వోల్టులు తనకోసం ఉంచుకుంటుంది కాబట్టి, ప్రతి అర్ధచక్రంలోనూ కెపాసిటర్‌కు మిగిలేది 325 వోల్టుల శిఖరం నుంచి ఆ 60 తీసివేయగా మిగిలిన 265 మాత్రమే. అంటే ప్రతి అర్ధచక్రంలోనూ అది ఒకవైపు 265 నుంచి రెండోవైపు 265కు, మొత్తం 530 వోల్టులు మారుతుంది. దాన్ని 0.47 మైక్రోఫారడ్లతో, సెకనుకు 100 అర్ధచక్రాలతో గుణిస్తే సగటు ప్రవాహం మీరు చెప్పిన 25కే వస్తుంది. కెపాసిటర్‌ను 0.19గా తీసుకుంటే సరిగ్గా 10 వస్తుంది. కాగితం మీది అంకె, మీటరు మీది అంకె అలా కలిసిన క్షణమే ఈ వీడియోలోని అసలు ఆనందం. దాన్ని ఆరు నిమిషాల్లో ఇమడ్చలేరు.

ఇంకొక మాట. సీలింగ్ ఫ్యాను నెమ్మదిస్తే కండెన్సర్, అంటే కెపాసిటర్, మార్చమని మన ఊళ్లలో ఎలక్ట్రీషియన్లందరూ చెబుతారు. ఆ కండెన్సర్ కూడా ఇదే జాతిది, పలుచని ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత వేసి చుట్టినది. పొరలో ఎక్కడైనా చిల్లి పడితే దాని చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి లోపం తనంతట తానే మూసుకుపోతుంది, కానీ ప్రతిసారీ కొంత వైశాల్యం, దానితోపాటు కొంత కెపాసిటీ తగ్గుతూ పోతాయి. మీ బల్బులో జరిగినదీ ఇదే అని నేను అనుకుంటున్నాను. ఈ పోలిక చెబితే, ఎలక్ట్రానిక్స్ తెలియని ఇంటి మనుషులకు కూడా వీడియో అర్థమవుతుంది.

రెండవ సమాధానం

అంకెలు మాయమవడం గురించి చెబుతాను, ఎందుకంటే నేను కూడా దీనితో చాలాకాలం ఇబ్బందిపడ్డాను. ఆ డిస్‌ప్లేలో అన్ని అంకెలూ ఒకేసారి వెలగవు. ఒకదాని తరువాత ఒకటి, మన కన్ను పట్టుకోలేనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటాయి. గదిలో వెలుతురు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోన్ తనంతట తానే షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే సమయాన్ని) సెకనులో వెయ్యవ వంతుకో అంతకన్నా తక్కువకో తగ్గించుకుంటుంది. అంత కొద్ది సమయంలో నాలుగు అంకెల్లో ఒకటో రెండో మాత్రమే వెలిగి దొరుకుతాయి. మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లి షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గర స్థిరపరచండి, అంకెలన్నీ తిరిగి వస్తాయి. బొమ్మ మరీ తెల్లబారితే ఐఎస్ఓను (కెమెరా సున్నితత్వాన్ని) తగ్గించండి, అప్పటికీ చాలకపోతే దీపాన్ని కొంచెం దూరం జరపండి.

దీనివల్ల మరొక మేలు కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్లు, చాలా రకాల చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ 50వ వంతు గాని 100వ వంతు గాని అయితే ప్రతి ఫ్రేములోనూ పూర్తి మినుకులే పడతాయి, తెర మీద నల్లని పట్టీలు పాకవు. ఫోన్ 60వ వంతులాంటి, ఈ లెక్కకు కుదరని వేగాన్ని ఎంచుకున్నప్పుడే ఆ పట్టీలు కనిపిస్తాయి. ఫ్రేము వేగం 25 పెట్టుకుంటే లెక్క చక్కగా కుదురుతుంది.

ధ్వనిని కూడా నిర్లక్ష్యం చేయవద్దు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా భరిస్తారు గాని, ఫ్యాను హోరులో మాట వినబడకపోతే రెండో నిమిషానికే వెళ్లిపోతారు. కాలర్‌కు తగిలించుకునే చిన్న మైకు ఒకటి కొనుక్కుని, మాట్లాడేంతసేపు ఫ్యాను ఆపేయండి. కాకినాడ ఎండల్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు.

మూడవ సమాధానం

చర్చ చాలా బాగుంది. కానీ ఒక విషయం ఎవరూ ప్రస్తావించనందుకు నాకు ఆందోళనగా ఉంది. ఈ బల్బు సర్క్యూట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి, హోల్డర్‌లో బల్బు ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి, ఎల్‌ఈడీల మీది ఏ బిందువైనా ఫేజ్‌తో నేరుగా కలిసి ఉండవచ్చు. మీ వీడియో చూసి ఇంటర్ చదివే పిల్లవాడు ఎవరైనా తన ఇంట్లోని బల్బు విప్పి, వెలుగుతుండగానే ప్రోబు పెట్టే అవకాశం నిజంగా ఉంది. అందువల్ల క్లిప్పులు తగిలించడం, చేతులు తీయడం, ఆ తరువాత స్విచ్ వేయడం, కొలత చదివి స్విచ్ ఆపడం అనే క్రమాన్ని ప్రతిసారీ కెమెరా ముందు పూర్తిగా చూపండి. నిడివి తగ్గించడం కోసం ఏ భాగాన్నైనా కోయండి, దీన్ని మాత్రం కోయవద్దు.

స్విచ్ ఆపిన తరువాత కూడా ఫిల్మ్ కెపాసిటర్‌లో 265 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. దాని పక్కన ఉండవలసిన డిశ్చార్జి రెసిస్టర్‌ను చవకరకం బల్బుల్లో కొన్నిసార్లు పెట్టరు. ఒక రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరు సున్నా చూపిన తరువాతే ఊడదీయాలి. అలా చేయకపోతే చేతికి షాక్ కొట్టడమే కాక, కెపాసిటెన్స్ మీటరు కూడా పాడవవచ్చు.

రేపు మీరు వోల్టేజి మార్పులను తెర మీద గీతగా చూపే ఓసిల్లోస్కోపు వాడాలనుకుంటే మరింత జాగ్రత్త అవసరం. దాని ప్రోబుకున్న నల్ల క్లిప్పు లోపల ఎర్త్‌తో కలిసి ఉంటుంది, దాన్ని ఇలాంటి బోర్డు మీద తగిలించడమంటే ఫేజ్‌ను ఎర్త్‌కు షార్ట్ చేయడమే. బల్బును, వోల్టేజి మార్చకుండా మెయిన్స్ నుంచి వేరుచేసే 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడపండి, లేదా ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు బిందువుల మధ్య తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రోబు వాడండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా రెండు బిందువులను ఒకేసారి ముట్టుకుంటే షాక్ కొడుతుందని కూడా చెప్పండి.

బాగుచేసి చూపేటప్పుడు 474 అని అడిగి ఏది ఇస్తే అది తెచ్చుకోమనకండి. మెయిన్స్‌కు పనికివచ్చే ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీది అడగమని స్పష్టంగా చెప్పండి. కోఠీ గుజరాతీ గల్లీలాంటి చోట రెండు రకాలూ పక్కపక్క డబ్బాల్లోనే ఉంటాయి, చూపుకు పెద్ద తేడా కనిపించదు.

అడిగినవారి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. షట్టర్‌ను 50వ వంతు దగ్గర పెట్టగానే నాలుగు అంకెలూ నిలకడగా కనిపించాయి. నిన్న రాత్రి వీడియోను మళ్లీ కూర్చాను. ఎదురుచూపులు తీసేసి, వెతుకులాటను మొత్తం ఉంచితే 27 నిమిషాలైంది. మూడవ సమాధానంలో చెప్పిన జాగ్రత్తలు పాత చిత్రీకరణలో సరిగ్గా కనబడలేదు. ఒకచోట నా వేళ్లు బోర్డుకు మరీ దగ్గరగా ఉండగానే స్విచ్ వేశాను. అది చూసి నాకే భయం వేసింది. అందువల్ల కొలతల భాగాన్ని ఈ ఆదివారం తిరిగి చిత్రీకరించి, ఆ తరువాతే పెడతాను. లెక్కను కూడా కాగితం మీద మొదటి నుంచి చేసి చూపుతాను.

ఫ్యాను పోలిక చదివిన తరువాత ఊరుకోలేక, మా వరండాలో నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాను కండెన్సర్‌ను విప్పి, ఖాళీ చేసి కొలిచాను. పైన 2.5 మైక్రోఫారడ్లు అని ఉంది, మీటరు 1.6 చూపింది. ఈసారి కెమెరా ఆన్‌లోనే ఉంది.