బిగ్ 12 ప్రీసీజన్ పోల్ ఎత్తేయడం తెలివా, పిరికితనమా?

టెంపీ శీను:
అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో నిన్న, అంటే 2025 డిసెంబర్ 6న, ఆర్లింగ్టన్‌లో టెక్సస్ టెక్ బీవైయూని (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) 34–7తో చితక్కొట్టింది. పదహారు కాలేజీ జట్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో (లీగ్ లాంటిది) టెక్‌కి ఇదే మొదటి టైటిల్. ఇవాళ జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్ జట్ల లిస్టు కూడా వచ్చేసింది కాబట్టి ఒక పాత గొడవ తేల్చుకుందాం. ప్రతి వేసవిలో జర్నలిస్టుల చేత ఓట్లు వేయించి ఎవరు ఫస్టు ఎవరు లాస్టు అని కాన్ఫరెన్స్ ప్రకటించే పోల్‌ని బిగ్ 12 ఈ 2025లో ఎత్తేసింది. నా మటుకు మంచి పని చేసింది. 2024లో ఏమైందో గుర్తుందిగా? పదహారు జట్లలో మా అరిజోనా స్టేట్‌ని పదహారో స్థానంలో పెట్టారు, యూటాని నెత్తిన పెట్టుకున్నారు. మేం ఫైనల్‌కెళ్లి అయోవా స్టేట్‌ని 45–19తో కొట్టాం, యూటా 5–7తో (ఐదు గెలుపులు, ఏడు ఓటములు) ఇంట్లో కూర్చుంది. మూడో స్థానం ఇచ్చిన ఓక్లహామా స్టేట్ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు తొమ్మిదికి తొమ్మిదీ ఓడింది. ఇంత ఘోరంగా తప్పే లిస్టు ఎవరిని ఉద్ధరించడానికి?

సాల్ట్‌లేక్ సునీత:
శీనూ, గెలిచాక ఎవరైనా మాట్లాడతారు. 2023లో మీవాళ్లు 3–9. కోచ్ డిల్లింగ్‌హామ్‌కి అది మొదటి ఏడాది, దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ లెవిట్ అప్పుడే మిషిగన్ స్టేట్ నుంచి వచ్చాడు. జూలైలో కూర్చున్న జర్నలిస్టు అలాంటి జట్టుకి ఫస్టు ప్లేసు ఇస్తే వాణ్ణి చూసి నువ్వే నవ్వేవాడివి. మా యూటా సంగతంటావా, క్వార్టర్‌బ్యాక్ రైజింగ్‌కి రెండో మ్యాచ్‌లోనే చేతికి దెబ్బ తగిలింది, కోలుకుని మీ ఊరు టెంపీలో ఆడితే మళ్లీ దెబ్బ, దాంతో సీజనంతా పోయింది. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఏమవుతుందో ఓటు వేసేవాడికి కల వస్తుందా? అదే యూటా ఈ ఏడాది 10–2. అందుకే అంచనా తప్పింది కాబట్టి అంచనా వేయడమే తప్పు అంటే నేను ఒప్పుకోను.

కొత్త ప్రేక్షకుడు:
అన్నా, నేను ఈ మధ్యే చూడటం మొదలుపెట్టా, ఒక డౌట్. ఐపీఎల్‌లో కూడా మనం ముందే ఎవరు గెలుస్తారో చెప్తాం, తప్పుతాం, మర్చిపోతాం. ఇక్కడ దీనికింత రాద్ధాంతం ఎందుకు?

ఫ్రిస్కో బాబాయ్:
మంచి ప్రశ్న బాబూ. ఐపీఎల్‌లో పాయింట్ల పట్టిక చూసి ప్లేఆఫ్‌కి పంపిస్తారు. ఇక్కడ పన్నెండు జట్లలో ఐదు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి పోగా మిగతా ఏడింటిని ఒక కమిటీ గదిలో కూర్చుని ఎంచుతుంది. అందుకే ఎవరి మీద ముందు నుంచి ఎంత గౌరవం ఉందన్నది డబ్బులతో సమానం. ఇవాళ్టి లిస్టే చూడు. అలబామా నిన్న అట్లాంటాలో జార్జియా చేతిలో 28–7తో ఓడింది, మూడో ఓటమి, అయినా తొమ్మిదో స్థానం నుంచి కదల్లేదు, లోపలికి వెళ్లింది. బీవైయూ సీజన్ మొత్తంలో ఒక్క టెక్ చేతిలోనే ఓడింది, రెండుసార్లు. 11–2. పదకొండు నుంచి పన్నెండుకి దించి బయట కూర్చోబెట్టారు (ఛాంపియన్లలో కింది ర్యాంకు వాళ్లకీ సీటు ఇవ్వాలిగా). ఆగస్టులో అలబామా ఏపీ ర్యాంకు 8 (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్), బీవైయూకి అసలు ర్యాంకే లేదు. అలాంటప్పుడు నీ కాన్ఫరెన్సే నీ జట్టుకి పదమూడో నంబరు వేసి ఊరంతా చాటడం ఎందుకు? 2024లో బీవైయూకి వేసింది అదే నంబరు.

లెక్కల మాస్టారు:
బాబాయ్ గారూ, మీ బాధ అర్థమైంది కానీ దానికి ప్రీసీజన్ మీద నేరం మోపడం కుదరదండి. ఆగస్టు ర్యాంకే అంత బలమైనదైతే నంబర్ 1గా మొదలైన టెక్సస్ (టెక్సస్ టెక్ కాదు, వేరే యూనివర్సిటీ) లోపల ఉండాలి. నంబర్ 2 పెన్ స్టేట్ ఉండాలి. నంబర్ 4 క్లెంసన్ ఉండాలి. టెక్సస్ 9–3తో బయట, పెన్ స్టేట్ 6–6 అయి మధ్యలోనే కోచ్‌ని పంపించేసింది, క్లెంసన్ 7–5. ఇరవైలో మొదలైన ఇండియానా నిన్న ఒహాయో స్టేట్‌ని 13–10తో ఓడించి ఇవాళ మొదటి స్థానంలో ఉంది. అలబామా జార్జియా సొంతూరు ఏథెన్స్ వెళ్లి దాన్ని ఓడించిన జట్టు, బీవైయూ దగ్గర అంత పెద్ద గెలుపు లేదు. కమిటీ దాన్నే చూసి ఉంటుంది.

ఫ్రిస్కో బాబాయ్:
అదే అలబామా ఫ్లోరిడా స్టేట్ చేతిలో కూడా ఓడింది మాస్టారూ, ఆ ఫ్లోరిడా స్టేట్ చివరికి 5–7. అది మాత్రం లెక్కలోకి రాదా?

లెక్కల మాస్టారు:
వస్తుందండి, రావాలి. నేను అలబామా లాయర్ని కాదు. నేననేది పోల్ ఎందుకు తప్పుతుందో చూడమని. పదహారు జట్లున్న కాన్ఫరెన్స్‌లో ఒక్కో జట్టు ఆడేది తొమ్మిది, అంటే ఆరు జట్లతో అసలు తలపడదు. 2024లో అరిజోనా స్టేట్, అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో నలుగురూ 7–2తో సమానం. అరిజోనా స్టేట్ అటు కొలరాడోతోగానీ, ఫైనల్ దాకా అయోవా స్టేట్‌తోగానీ ఆడనే లేదు, టైబ్రేకర్‌తో తేల్చారు. అదే ఏడాది నాలుగో స్థానం ఇచ్చిన కాన్సస్ 5–7తో మునిగింది, కానీ మునుగుతూ మునుగుతూ నవంబర్‌లో వరసగా అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో ముగ్గుర్నీ ఓడించి పోయింది! ఇలాంటి లీగ్‌లో ఒకటి నుంచి పదహారు దాకా వరస నంబర్లు వేయడమే తిక్క పని. మూడో జట్టుకీ పదో జట్టుకీ మధ్య తేడా రెండు ఫీల్డ్ గోల్స్ (ఒక్కోటి మూడు పాయింట్లు). పైగా ఆ ఏడాదే టెక్సస్, ఓక్లహామా వెళ్లిపోయాయి, పాక్-12 అనే పాత కాన్ఫరెన్స్ నుంచి నాలుగు జట్లు వచ్చిపడ్డాయి. కాన్సస్‌లో ఉండే విలేకరి టెంపీ జట్టుని ఎన్నిసార్లు చూసి ఉంటాడు?

టెంపీ శీను:
అదే కదా నేను మొదటి నుంచీ మొత్తుకునేది! చూడనివాడి ఓటుకి విలువేంటి? బంతితో పరిగెత్తే స్కాటెబో అప్పటికే మా దగ్గర ఒక ఏడాది ఆడి ఉన్నాడు, ఎవడికీ కనపడలేదు. 2024లో 1,711 గజాలు పరిగెత్తి ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ అవార్డు ఓట్లలో ఐదో స్థానం తెచ్చుకున్నాక అందరికీ కళ్లు తెరుచుకున్నాయి.

సాల్ట్‌లేక్ సునీత:
సరే, నేనూ ఒకటి అడుగుతా. లాస్టు ప్లేసు ఇవ్వబట్టే కదా మీ కథ దేశమంతా చెప్పుకున్నారు? పీచ్ బౌల్ అనే ప్లేఆఫ్ మ్యాచ్‌లో టెక్సస్‌తో రెండు ఓవర్‌టైముల దాకా వెళ్లి 39–31తో ఓడినప్పుడు కామెంటరీ వినలేదా? ఐదో స్థానం ఇచ్చి ఉంటే అంత మజా ఉండేదా? ఆ నంబరు వల్ల బిగ్ 12కి వచ్చిన ప్రచారం ఏ యాడ్ ఏజెన్సీ తేలేదు. అలాంటి కథ దొరికాక, సరిగ్గా మర్నాటి ఏడాదే పోల్ మూసేశారు. నాకైతే అది నవ్వులపాలవుతామని జడుసుకోవడమే అనిపించింది. అలబామా, జార్జియా ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ వాళ్లకి సిగ్గూ లేదు భయమూ లేదు. ఈ ఏడాది వాళ్లు టెక్సస్ అన్నారు, జార్జియా గెలిచింది. వచ్చే జూలైలో మళ్లీ ఓట్లు వేయిస్తారు.

లబ్బక్ లచ్చన్న:
మీరందరూ నా జట్టు టెక్‌ని వదిలేసి వేరే పంచాయతీ పెట్టారు. ఏపీ ప్రీసీజన్‌లో మాకిచ్చింది 23. మా ముందు అరిజోనా స్టేట్ 11, కాన్సస్ స్టేట్ 17, అయోవా స్టేట్ 22. కాన్సస్ స్టేట్ డబ్లిన్‌లో అయోవా స్టేట్ చేతిలో ఓడి మొదలెట్టి 6–6కి చేరింది. నిజంగా లెక్క తెలిసినవాడు మార్చిలోనే చెప్పగలిగేవాడు, ఎందుకంటే కోడీ కాంబెల్ లాంటి ఆయిల్ డబ్బున్న పాత ఆటగాళ్లు ఖర్చుకి వెనకాడలేదు. ఆటగాళ్లు కాలేజీ మారే పోర్టల్‌లోంచి స్టాన్‌ఫర్డ్ డేవిడ్ బెయిలీ, యూసీఎఫ్ లీ హంటర్, జార్జియా టెక్ నుంచి రొమెల్లో హైట్... డిఫెన్స్ ముందు వరసంతా కొత్త సరుకు. కిందటేడు ఎన్ని గెలిచారో చూసి ఓట్లు వేసేవాళ్ల కాలం పోయిందన్నా, ఇప్పుడు ఎవరు ఎవర్ని కొన్నారో చూడాలి.

టెంపీ శీను:
టెక్ ఈ సీజన్లో ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ ఎక్కడో కూడా చెప్పు లచ్చన్నా. టెంపీలో, 26–22.

లబ్బక్ లచ్చన్న:
మా క్వార్టర్‌బ్యాక్ లేని రోజు గెలిచి చొక్కా చించుకుంటే ఎలా బ్రో 😂

లెక్కల మాస్టారు:
లచ్చన్న మాట సగం నిజం. డబ్బు ఒక్కటే చూస్తే టెక్సస్ ఈపాటికి ఛాంపియన్ కావాలి. అయినా పోల్ పెట్టాలా వద్దా అంటే నా ఓటు పెట్టాలనే, కాకపోతే పద్ధతి మార్చాలి. వరస నంబర్లు తీసేసి మూడు గుంపులు చేయండి: టైటిల్ కొట్టగలిగేవి, సీజన్ చివర బౌల్ మ్యాచ్‌కి వెళ్లేవి, కష్టపడేవి. జూలైలో కాకుండా ఆగస్టు క్యాంపులు అయ్యాక వేయించండి, అప్పటికి క్వార్టర్‌బ్యాక్ ఎవరో తెలుస్తుంది. బీవైయూ విషయమే చూడండి, వేసవిలో క్వార్టర్‌బ్యాక్ రెట్జ్‌లాఫ్ వెళ్లిపోయాక బ్యాక్‌మయర్ అనే మొదటి ఏడాది కుర్రాడితో ఆడి రెగ్యులర్ సీజన్లో 11–1 చేశారు. అలాగే ఎవరు ఏ ఓటు వేశారో పేరుతో సహా బయటపెట్టాలి.

ఫ్రిస్కో బాబాయ్:
పేరుతో అయితే నాకూ ఓకే. జూలైలో బిగ్ 12 మీడియా డేస్ మా ఇంటి దగ్గర ఫ్రిస్కో స్టార్ కాంప్లెక్స్‌లోనే జరిగాయి, పోల్ లేకపోయేసరికి విలేకరులు ఒకళ్లనొకళ్లు పక్కకి పిలిచి నీ ఫస్టు ఎవరు అని అడుక్కునే ఉంటారు. ఎలాగూ ఆగనిది దాచడం ఎందుకు. కాకపోతే బీవైయూకి జరిగింది మాత్రం నేను మర్చిపోను.

సాల్ట్‌లేక్ సునీత:
బాబాయ్, మీరు బీవైయూ కోసం ఏడుస్తుంటే యూటా దాన్ని నేనెలా ఓదార్చను చెప్పండి 🙂 మాస్టారి మూడు గుంపుల ఐడియా నాకు నచ్చలేదు, గుంపుల్లో పెడితే తప్పు వేసినవాడు దొరక్కుండా తప్పించుకుంటాడు. ఒకటి నుంచి పదహారు, పేరు పెట్టి, ఆగస్టులో. శీనూ, ముందు నువ్వు వెయ్యి. మీ వాళ్లకి ఫస్టు ఇచ్చుకోకుండా.

టెంపీ శీను:
ఇప్పుడే వేస్తే పోర్టల్ తెరిచాక మళ్లీ మార్చాలి. స్ప్రింగ్ ప్రాక్టీస్ అయ్యాక ఇక్కడే వేస్తా, పదహారూ వేస్తా. ఓక్లహామా స్టేట్‌ని మాత్రం కింద పెట్టను, కొత్త కోచ్ వచ్చాడు, ఆ చివరి సీటు ఎలాంటిదో మాకు తెలుసు.